డ్రిల్ సార్ పుస్తకాల్లో ఉన్న మనిషి

అక్టోబరు, రెండో శనివారం. మధ్యాహ్న భోజనాల తర్వాత. బయట మబ్బు, లోపల ఉక్క.

హాజరైనవారు: ఓనర్ గారు, సీనియర్ ఎడిటర్, మేడం, డ్రిల్ సార్, నేను.

తేల్చవలసిన విషయం: డ్రిల్ సార్ పుస్తకాలు ఎవరు రాశారు?

ఆ రోజు నా డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. డైరీ రాయడం నాకు ఉద్యోగం కంటే ముందు నుంచీ ఉన్న అలవాటు. ఏ సమావేశమైనా ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ తర్వాతే మాటలు. ఈ పద్ధతి చూసి నవ్విన వాళ్లే తర్వాత, "ఆ రోజు నేనేమన్నానో జర చూసి చెప్పండి" అని నా దగ్గరికి వచ్చేవారు. అచ్చు రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏదైనా అనుభవం రాయమని అడిగితే, నేను ఈ పేజీనే తీశాను. మా ఆఫీసుకు ఇది గొప్ప పేరు తెచ్చే కథ కాదు. అందుకే ఎవరి పేర్లూ రాయడం లేదు.

మా ప్రచురణ సంస్థ ఆబిడ్స్‌లో ఒక సందులో, కళ్లద్దాల దుకాణం పైన ఉండేది. రాతప్రతి లోపలికి వచ్చిన దగ్గర నుంచి పుస్తకమై బయటికి వెళ్లేవరకు దాని నడకంతా చూసుకోవడం నా పని. ఏ ప్రతి ఏ బల్ల మీదికి వెళ్లాలో నేను నిర్ణయిస్తాను. కానీ ఎవరి రాతలోనూ వేలు పెట్టను. అది ఎడిటర్ల పని.

ఎడిటర్లు ఇద్దరు. సీనియర్ ఎడిటర్ వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు. నాట్లకీ కోతలకీ సెలవు పెట్టి ఊరికి వెళ్లేవాడు. వచ్చాక వారం దాకా ఆయన మాటల్లో బురద వాసన పోయేది కాదు. రెండో ఎడిటర్ మేడం. హిమాయత్‌నగర్ నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకు ఆబిడ్స్‌లోనే బట్టల దుకాణం. బడి అయిపోగానే ఆ గల్లా పక్కన తానుల మధ్య కూర్చుని చదువుకున్నానని చెప్పేది. పని ఎక్కువైతే ఓనర్ గారు కూడా ఒకటీ అరా పుస్తకాలు ఎడిట్ చేసేవారు. ఆయన కుర్చీ వెనక గోడ మీద నల్లకోటుతో వాళ్ల నాన్నగారి ఫోటో ఉంటుంది. హైకోర్టులో పేరున్న వకీలు. కొడుకు లా మధ్యలో వదిలేసి పుస్తకాల్లో పడ్డాడన్న కోపం ఆ ఫోటోలో ఇంకా కనిపిస్తుంది.

ఇక డ్రిల్ సార్. నాంపల్లిలో ఒక బడిలో పిల్లలచేత కసరత్తు చేయించే మాస్టారు. పాత ఫుట్‌బాల్ ఆటగాడు. మెడలో ఈల ఉంటుంది, మా మెట్లెక్కి వచ్చినా తీయడు. ఆయన మొదటి పుస్తకం హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద. రెండోది నాంపల్లి చుట్టుపక్కల కిరాయి గదుల్లో బతికే మనుషుల మీద. మూడోది చమురు మీద, దాని కోసం జరిగిన యుద్ధాల మీద, ఆ దేశాలకు పనికి పోయిన మనవాళ్ల మీద. మూడూ మా సంస్థే వేసింది. మూడూ బాగానే పోయాయి. నాలుగోది, దేశాల మధ్య నదుల గురించి, రాతప్రతిగా నా బీరువాలో ఉంది. మేమందరం దాన్ని నీళ్ల పుస్తకం అనేవాళ్లం.

అప్పుడే ఒక ఆదివారం పేపర్లో ఒక విమర్శకుడు రాశాడు. డ్రిల్ సార్ మూడు పుస్తకాలూ కలిపి చదివాడట. "మొదటి పుస్తకం రాసినవాడు బట్టల వ్యాపారి కొడుకై ఉండాలి. రెండోది రాసినవాడు రైతు. మూడోది రాసినవాడు వకీలు. ముగ్గురికీ అట్ట మీద ఒకటే పేరు. ఆ పేరు గలాయన మాత్రం బడిలో పిల్లలచేత గుంజీలు తీయిస్తాడని విన్నాం."

సోమవారం పొద్దున ఆ కాగితం ఓనర్ గారి బల్ల మీద ఉంది. ఆయన నన్ను పిలిచారు.

"చూసిన్రా?"

"చూశాను."

"నాకు మొదటి నుంచీ డౌటే. డ్రిల్ సార్‌కు చమురు యుద్ధాలేంది? ఎవరితోనో రాయించుకుంటుండు. రేపు ఆ అసలు మనిషి వచ్చి నిలబడితే మన ఇజ్జత్ ఏం కావాలె? నీళ్ల పుస్తకం ఆపుండ్రి. సంగతి తేలిందాక ఆపుండ్రి. తేలకపోతే వాపసు ఇచ్చేద్దాం. ఆ మూడు గూడ మన జాబితాల నుంచి తీసేద్దాం."

రాతప్రతులు చూస్తే తేలిపోయేది కదా అని మీరనుకోవచ్చు. అవి లేవు. డ్రిల్ సార్ చేత్తో రాసి, ఆ కాగితాలే తెచ్చి ఇచ్చేవాడు. మా ఆపరేటర్ కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. ఎడిటర్లు ఆ ఫైలులోనే దిద్దేవారు. పుస్తకం బయటికి రాగానే రాతప్రతి చిత్తు కాగితాల్లోకి పోయేది. ఇంకొకటి కూడా చెప్పాలి. మా సంస్థలో రచయితకు ప్రూఫ్ చూపించే ఆచారం లేదు. "ప్రూఫ్ చూపిస్తే పుస్తకం మళ్లీ మొదటి నుంచి రాస్తడు" అనేది ఓనర్ గారి సూత్రం. ముప్పై ఏళ్ల అనుభవంతో ఏర్పడ్డ సూత్రం కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

నీళ్ల పుస్తకం రాతప్రతి మాత్రం ఉంది. దాన్ని ఓనర్ గారూ ఎడిటర్లిద్దరూ చదివారు. చదివాక అనుమానం తగ్గలేదు, పెరిగింది. అందులో బట్టల వ్యాపారి లేడు, రైతు లేడు, వకీలు లేడు. పొట్టి పొట్టి వాక్యాలు, ఈల వేసి ఆపినట్టు ఆగిపోయే పేరాలు.

"ఇది నాలుగో మనిషి" అన్నాడు సీనియర్ ఎడిటర్. "బస్తీ పుస్తకం మాత్రం ఆయనదే. అది నా చేతుల మీంచి పోయింది. అండ్ల జీవముంది. మిగతాయి ఎవరియో."

"ఫుట్‌బాల్ పుస్తకం ఆయనదేనండి, నేను ఒట్టేసి చెప్తా" అంది మేడం. "ఆ రాతలో ఉన్న పోగు వేరు. ఆ బస్తీ పుస్తకం మీదే నాకు డౌట్."

సోమవారం 'చమురు యుద్ధాలేంది' అన్న ఓనర్ గారే ఇప్పుడు చమురు పుస్తకం తప్ప మిగతా రెండూ నకిలీవని తేల్చారు. ఎవరు చూసిన పుస్తకానికి వాళ్లే సాక్షి. ఈ వింతను నేను ఆ రాత్రి డైరీలో ఎక్కించాను గానీ, దాని అర్థమేమిటో ఆలోచించలేదు. మనిషి దొంగ అని ముందే అనుకున్నాక, ప్రతిదీ ఆ లెక్కలోకే పోతుంది.

సంగతి తేల్చే పని నాకు అప్పగించారు. "మీరు పద్ధతైన మనిషి. గమనించుండ్రి" అన్నారు ఓనర్ గారు. నేను పద్ధతిగానే గమనించాను.

గమనించినవి: డ్రిల్ సార్ బడి వదిలాక నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్‌కు వెళ్తాడు. గోడ వారగా ఉండే బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆయన ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు, వెళ్లిన ప్రతిసారీ కొత్త మనిషి. ఒకసారి కుంటుతూ నడిచే తెల్లగడ్డం ముసలాయన. ఇంకోసారి విమానం ట్యాగు తీయని సూట్‌కేసుతో ఒక కుర్రాడు. మరోసారి పంజాబీ మాట్లాడే లారీ డ్రైవరు. వాళ్లు చెప్తుంటారు, ఈయన రాసుకుంటాడు. నా డైరీలో వాళ్లకు ఒకటో అనుమానితుడు, రెండో అనుమానితుడు, మూడో అనుమానితుడు అని పేర్లు పెట్టాను.

నేను స్తంభం వెనక కూర్చునేవాణ్ని. ఒకరోజు వెయిటర్ వచ్చి వంగి చెప్పాడు.

"సార్, చాయ్ సల్లారింది. ఇంకోటి తెస్త గానీ, ఆ మూలకు కూసున్న సారు గూడ గంట సంది మీ దిక్కే చూస్తుండు. మీ ఇద్దరికి ఏమన్న పంచాయితీ ఉందా?"

నేను వేడి చాయ్ కోసం ఆగకుండా వచ్చేశాను.

ఇంకో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల దగ్గర ఆయన కనిపించాడు. తన ఫుట్‌బాల్ పుస్తకమే పాత కాపీ ఒకటి తీశాడు. నిలబడే ఏదో పేజీ వెతికాడు, చదివాడు, మూశాడు. ఇంకో గుట్ట దగ్గరికి వెళ్లి చమురు పుస్తకం అడిగాడు. తన పుస్తకాలు తనే పాత బజారులో ఎందుకు వెతుక్కుంటాడు? బయట ఉన్న కాపీలు మాయం చేస్తున్నాడా? రాసుకున్నాను.

ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయన తీరు ఇంకా విచిత్రంగా ఉండేది. భోజనాల వేళ చూసుకుని వస్తాడు. మేడం కుర్చీ వెనక నిలబడి కంప్యూటర్ తెర వైపు తొంగి చూస్తాడు. ఆపరేటర్‌ను పక్కకు పిలిచి, "నా పుస్తకం మీరే కొడ్తరా, ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగాడట. ఒకరోజు మెట్ల దగ్గర నన్నే ఆపాడు. వరండా చివర తాళం వేసి ఉన్న గదిని చూపించాడు.

"ఆ రూంల ఎవరుంటరు సార్?"

"ఎవరూ ఉండరు. పాత కాగితం కట్టలు."

"కాయితాలకు తాళమెందుకు?"

"ఎలుకలకి."

"ఎలుకలు తాళం చూసి వాపసు పోతయా?" అని, ఈల జేబులో వేసుకుని దిగిపోయాడు. మా గోదాముతో ఈయనకేం పని, అని రాసుకున్నాను. కింద ఎర్ర గీత గీశాను.

అలా రెండో శనివారం వచ్చింది. పిల్లలు ఆటల పోటీకి వెళ్లిన రోజు కాబట్టి డ్రిల్ సార్ ఆలస్యంగా, చెమటతో వచ్చాడు. కుర్చీ చూపిస్తే కొసన కూర్చున్నాడు. ఓనర్ గారు పేపర్ కత్తిరింపు ఆయన ముందుకు జరిపారు.

"ఇది చదివిన్రా?"

"చదివిన సార్."

"ఏమంటరు?"

"పెద్దమనిషి మంచిగ చదివిండు సార్. మంచిగనే పట్టిండు."

ఒప్పుకున్నాడా, వెక్కిరించాడా నాకు తెలియలేదు. సీనియర్ ఎడిటర్‌కు మాత్రం ఒప్పుకున్నట్టే అనిపించింది. చమురు పుస్తకం తెరిచాడు.

"సార్, చిన్న అనుమానం. గీడ రాసిన్రు చూడుండ్రి. 'ఆ దేశం వాయిదా మీద వాయిదా అడిగే ముద్దాయిలా కాలం గడిపింది. సాక్షులు ముసలివాళ్లయ్యారు, తీర్పు మాత్రం రాలేదు.' మీరెప్పుడన్న కోర్టుకు పోయిన్రా?"

"లేదు సార్. బడి గేటు ముంగట స్కూటర్ తగిలితే ఒకపారి ఠాణాకు పోయిన."

"మరి గీ మాట ఎక్కడిది?"

"తెల్వది సార్."

ఓనర్ గారు గ్లాసెత్తి నీళ్లు తాగారు. మేడం తన వంతుగా బస్తీ పుస్తకం తీసింది.

"సార్, తప్పుగా అనుకోవద్దు. ఇందులో, 'ఒక్క గదిలో పది మంది పడుకుంటే నారుమడిలో నారులా ఉన్నారు. పీకి నాటే చెయ్యి కోసం చూస్తున్నారు' అని ఉంది. నాకు చాలా నచ్చిన మాట. మీకు పొలముందా?"

డ్రిల్ సార్ మొదటిసారి నవ్వాడు.

"అమ్మా, నేను నాంపల్లిల పుట్టిన. మా ఇంటి ముంగట రైలు పట్టాలు, ఎన్క గూడ పట్టాలే. వరి అంటే నాకు బియ్యం సంచి. నారుమడి ఎట్లుంటదో నా కొడుకుని ఫోన్ల చూపియ్యమని అడిగిన, ఈ పుస్తకం వచ్చినంక."

"పుస్తకం వచ్చాకనా?"

"ఔనమ్మా. రాసింది నేనేనాయె, అదేందో ఎరుక ఉండాలె గద."

సీనియర్ ఎడిటర్ కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. నేను అది కూడా రాసుకున్నాను.

ఓనర్ గారు గొంతు సవరించుకుని ఫుట్‌బాల్ పుస్తకం అందుకున్నారు. "ఇది చెప్పుండ్రి. మీ సొంత ఆట మీద, మీ సొంత పుస్తకం. 'వాళ్ల రక్షణ వరుస ఐమూలగా కత్తిరించిన బట్టలా సాగింది. ఎటు లాగితే అటే వచ్చింది.' ఐమూల అంటే ఏంది?"

"తెల్వది సార్."

"మీ పుస్తకంల ఉన్న మాట మీకు తెల్వదా?"

"నేనూ అదే అడుగుదామని వచ్చిన సార్."

డ్రిల్ సార్ ఒక్కొక్కరినే చూశాడు. చివరగా నన్ను చూశాడు.

"మీరు నన్ను దొంగను పట్టుకున్నట్టు పిలిచిన్రు. పిలిచిన్రు గాబట్టి నేను గూడ అడుగుత. నా పుస్తకాలల్ల రాస్తున్నోడు ఎవరు సార్? మూడేండ్ల సంది నేను గా మనిషినే దేవులాడుతున్న."

ఆయనే కొనసాగించాడు. గొంతు పెంచలేదు.

"మొదటి పుస్తకం వచ్చినప్పుడు నేనే రాసి మరిచిన్నేమో అనుకున్న. ఉమర్ అయితుంది గద, అనుకున్న. తర్వాత నా కాపీలనే గిట్ల పడ్డదేమో, అన్నిట్ల గిట్లనే ఉందా అని ఫుట్‌పాత్ మీద పాతయి తీసి చూసిన. అన్నిట్ల ఉంది. గప్పుడు సమజైంది, ఈ ఆఫీసుల ఎవరో ఉన్నరు, నేను ఇచ్చినంక నా పుస్తకంల కూసుంటరు అని. భోజనాల టైంకు వచ్చి చూసిన, ఎవరన్న కొత్త మొకం కనవడ్తదా అని. కనవడలే. ఆ తాళమేసిన రూంల పెట్టిన్రు అనుకున్న." నా వైపు తిరిగాడు. "మీరు గూడ ఇరానీ హోటల్ల నా ఎన్క కూసునేటోళ్లు. నేను కలిసే ఆటగాళ్లను, దుబాయ్ పోయొచ్చిన పిల్లలను చూసి పోయి గా మనిషికి చెప్తున్రేమో అనుకున్న."

అనుమానితులు ఒకటి, రెండు, మూడు ఎవరో అప్పుడు నాకు తెలిసింది. తెల్లగడ్డం ముసలాయన ఒకప్పటి గోల్ కీపర్. మిగిలినవాళ్లను ఆయన చమురు గురించీ నదుల గురించీ అడిగి తెలుసుకున్నాడు.

"మరి ఇన్నాళ్లు ఎందుకు అడగలేదండీ?" అంది మేడం. గొంతు తగ్గింది.

"అడిగితే పుస్తకం ఆపుతరేమో అని భయం. డ్రిల్ సార్‌ది ఎవరు ఏస్తరమ్మా? నా బడిలనే హెడ్‌మాస్టర్ అడుగుతడు, నువ్వు రాసినవా అని. గా సంగతి పక్కకు పెట్టుండ్రి. పిల్లలు పుస్తకం చదివి వస్తరు. 'సార్, గా మాట మస్తు రాసిన్రు' అంటరు. ఏ మాట అని చూస్త. గా నారుమడి. గా ఐమూల. మెచ్చుకున్నప్పుడల్లా నాది గాని మాటనే మెచ్చుకుంటరు. నాది ఒక్కటన్న ఎవరన్న మెచ్చుకుంటరా అని మూడు పుస్తకాల సంది ఎదురుచూస్తున్న. ఇప్పుడు నీళ్ల పుస్తకం గూడ ఆపిన్రు. వాపసు ఇస్తరట గద. ఇయ్యుండ్రి. కనీసం అండ్ల ఉన్నది నాదే."

ఆ తర్వాత మేడం చేసిన పని చిన్నది. కానీ మా ఆఫీసులో అంతకు ముందు ఎవరూ చేయనిది. ఓనర్ గారి చేతిలోని ఫుట్‌బాల్ పుస్తకం తీసుకుని ఆ పేజీ మళ్లీ చదివింది. పెదవులు కదిలాయి.

"ఐమూల నాదండి" అంది.

"ఏంది?"

"బట్టను ఏటవాలుగా కత్తిరిస్తే సాగుతుంది. దాన్నే ఐమూల అంటాం. మా నాన్న రోజూ చెప్పేవాడు. సార్ ఇక్కడ, 'వాళ్ల డిఫెన్స్ నిలవలే' అని రాశారు, ఇప్పుడు గుర్తొస్తోంది. నాకు పొడిగా అనిపించింది. దిద్దాను. దిద్దినట్టు కూడా గుర్తు లేదు. చదివిన ప్రతిసారీ ఎంత బాగా రాశాడీయన అనుకునేదాన్ని."

సీనియర్ ఎడిటర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అద్దాల్లోంచి బల్లను చూశాడు.

"నారుమడి నాదే" అన్నాడు. "అది ఒక్కటే కాదు. ఎడ్ల బండి గూడ నాదే. కల్లం నాదే. నేను... బాగుంటదని..."

"ఎడ్ల బండా!" అన్నాడు డ్రిల్ సార్. "నాంపల్లి స్టేషన్ ముంగట ఎడ్ల బండి పెట్టింది మీరేనా సార్? ఆటో యూనియనోళ్లు వచ్చి నన్ను పట్టుకున్నరు, ఏడుందో చూపియ్యమని."

మేడం పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. సీనియర్ ఎడిటర్ కూడా నవ్వాడు, ఆయనకు ఇష్టం లేకుండానే. ఆ నవ్వు ఆగాక వకీలు మిగిలాడు. వాయిదాలు, ముద్దాయిలు, సాక్షులు ఎవరివని ఎవరూ అడగలేదు. అందరి చూపూ మెల్లగా పైకి వెళ్లింది, నల్లకోటు ఫోటో మీదికి. అక్కడి నుంచి దాని కింద కూర్చున్న మనిషి మీదికి.

"ఫ్యాను స్పీడ్ జర పెంచుండ్రి" అన్నారు ఓనర్ గారు.

అది అప్పటికే పూర్తి వేగంలో తిరుగుతోంది.

"చమురు పుస్తకం నేను... పైపైన చూసిన" అన్నారు చివరికి. "నాయిన బతికున్నప్పుడు ఇంట్ల అవే మాటలు. రాత్రి అన్నం తింటూ గూడ వాయిదాలే. నాకు తెల్వకనే పడి ఉంటయి."

అలా విచారణ జరిపినవాళ్లే ముద్దాయిలయ్యారు. ఈ పోలిక కూడా ఓనర్ గారి చలవే. ఆ వారమంతా ఎవరి నోట విన్నా అదే.

డ్రిల్ సార్ మాత్రం తేలికపడలేదు. నాకు అదే ఆశ్చర్యమనిపించింది. ఇన్నేళ్ల అనుమానం తీరిన మనిషి కుర్చీలో వెనక్కి వాలతాడనుకున్నాను. ఆయన ఇంకా కొసనే కూర్చున్నాడు.

"ముగ్గురేనా సార్? నాలుగో మనిషి గూడ ఎవరన్న ఉన్నరా?" అని నన్ను అడిగాడు.

"నేను ఎవరి రాతలోనూ వేలు పెట్టను."

"ముగ్గురు గూడ గట్లనే అనుకున్నరు, గంట కింద."



ఓనర్ గారు తీర్పు ఇచ్చారు. నీళ్ల పుస్తకం వేస్తాం. ఉన్నది ఉన్నట్టే వేస్తాం. ప్రూఫ్ రచయితకు చూపిస్తాం. ఈ చివరి మాట అనడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది.

"ఒకటి రెండు చోట్ల చప్పగ ఉంటది" అన్నాడు సీనియర్ ఎడిటర్, ఆగలేక.

"ఉండనీ సార్" అన్నాడు డ్రిల్ సార్. "చప్పగున్నా నాదే ఉండాలె. తిట్టినా నా మాటనే తిట్టాలె."

లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "రేపు మీకు సెలవేనాయె. అయినా పొద్దుగాల ఒకపారి రాగలరా సార్?" అని నన్ను అడిగాడు. ఎందుకని నేను అడగలేదు. మూడేళ్లు ఆయన మమ్మల్ని, మూడు వారాలు మేము ఆయన్ని గమనించాక, ఇంకో అనుమానం పెట్టుకోవడానికి నాకు ఓపిక లేదు.

పిల్లలూ, మీ దగ్గర కంప్యూటర్లు మార్పులను రంగుల్లో చూపిస్తాయని విన్నాను. మంచిదే. కానీ మేడంకు తన ఐమూల కనిపించకపోవడానికి కారణం అలాంటి కంప్యూటర్ లేకపోవడం కాదు. అది తనకు బాగా నచ్చడం. నచ్చిన మాట ఎవరిదో అడగం. నచ్చని మనిషి మంచి మాట అంటే మాత్రం, ఎవరి దగ్గర్నుంచి తెచ్చాడని అడుగుతాం. డ్రిల్ సార్ చమురు గురించి రాశాడన్నప్పుడు దిద్దిన ఆ ముగ్గురికీ, నాకూ మొదట కలిగింది ఆ రెండో ప్రశ్నే. అది పేపర్ విమర్శకుడు నేర్పింది కాదు. ఆయన రాయకముందే మా దగ్గర ఉంది.

మరునాడు ఆదివారం. కింద ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడే పుస్తకాల పట్టాలు పరుస్తున్నారు. డ్రిల్ సార్ నా కంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మైదానం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. బూట్లకు మట్టి ఉంది.

"ఆ రూం తెరుస్తరా సార్?"

నేను తాళం తీశాను. తలుపు కొంచెం మొరాయించి తెరుచుకుంది. కాగితం కట్టలు, విరిగిన కుర్చీ, ఎలుకలు కొరికిన అట్టలు, కిటికీ కింద ఆయన పుస్తకాల్లోనే అమ్మగా మిగిలిన కట్టలు నాలుగైదు. లైటు వేశాను. ఆయన తలుపు వెనక చూశాడు. కట్టల వెనక చూశాడు. గోడను వేళ్లతో కొట్టి చూశాడు.

"ఎవ్వరు లేరు" అన్నాడు.

"చెప్పాను కదా."

"చెప్పిన్రు. కానీ ఇన్నేండ్లు ఉన్నడనుకున్నోడు ఒక్క దినంల లేడంటే మనసు ఒప్పాలె గద సార్."

ఆ తర్వాత కిటికీ దగ్గర ఒక కట్టను చేత్తో దులిపాడు. విరిగిన కుర్చీని గోడకు ఆనించి, కూర్చుంటే పడదని చూసుకున్నాడు.

"నీళ్ల పుస్తకం కాయితాలు ఇయ్యుండ్రి. ఒకపారి చదువుకుంట. అచ్చయ్యే దాక ఆదివారాలు గీన్నే కూసుంట. తాళంచెవి గూడ నా దగ్గర్నే ఉండనీయుండ్రి."

బీరువాలోంచి రాతప్రతి తెచ్చి ఇచ్చాను. తాళంచెవి కూడా ఇచ్చాను. ఆయన మెడలోంచి ఈల తీసి కిటికీ గూట్లో పెట్టి, మొదటి కాగితం తిప్పాడు.

నేను కిందికి దిగేసరికి కళ్లద్దాల దుకాణం ఆయన షట్టర్ ఎత్తుతున్నాడు. పైకి చూసి అడిగాడు.

"ఏంది సార్, సెలవు నాడు గా మూసిన గదిల లైటు ఉంది? ఎవరున్నరు అండ్ల?"

"రచయిత" అన్నాను.